మూడు దేశాలకు ఒకే దీపం

నేను ఎవరినీ ఒక పట్టాన నమ్మను. ఇది గొప్పా కాదు, తప్పూ కాదు, నా ఉద్యోగం. బొగ్గుబాయి మీద దీపాల గదిలో ముప్పై ఏళ్లు కూర్చున్న ఆడది అందరినీ నమ్ముతూ పోయిందంటే ఆ గదిలో ఆమె నిద్రపోయినట్టే లెక్క. నేను నిద్రపోలేదు. అందుకే రిటైరైన తర్వాత మూడు దేశాలు చూసి రావడానికి పోయినప్పుడు, నా ఫోన్లోకి ఎక్కించిన కంటికి కనపడని సిమ్మును కూడా దొంగను చూసినట్టే చూశాను. అలా చూసినందుకు ఏం జరిగిందో చెబుతాను. ముందు దీపాల గది సంగతి చెప్పాలి. లేకపోతే నేను చేసిన పని ఉత్త తెలివితక్కువతనంలా కనిపిస్తుంది.

మా బాపుకు ఊపిరి ఆడక, ఇక బాయి పనికి పనికిరాడని కంపెనీ డాక్టర్లు రాసిచ్చారు. కొడుకులు లేని ఇల్లు కాబట్టి ఆ ఉద్యోగం నాకు వచ్చింది. అప్పట్లో ఆడవాళ్లను కిందికి దింపేవారు కాదు, దీపాల గదిలో కూర్చోబెట్టారు. షిఫ్టుకు వచ్చిన ప్రతి మనిషీ తన నెంబరు కొట్టిన ఇత్తడి బిళ్లను కిటికీలోంచి నా చేతికి ఇస్తాడు. దాన్ని నేను గోడ మీద అదే నెంబరున్న మేకుకు తగిలించి, తలకు పెట్టుకునే దీపం ఇస్తాను. పైకి వచ్చాక దీపం నాకు అప్పగించి, బిళ్ల తీసుకుని ఇంటికి పోతాడు. గోడకు బిళ్ల వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా భూమి కింద ఉన్నట్టు. అంతే పని.

అంతే పని గానీ, దాంట్లో ఎన్ని మాయలో! ఒకడు స్నేహితుడి దీపం కూడా తనే తెచ్చి, వాడు వెనకే వస్తున్నాడు, బిళ్ల ఇచ్చేయమంటాడు. ఇంకొకడు పిల్లలకు చూపించి రేపు తెస్తానని దీపం లుంగీలో చుట్టుకుని గేటు దాటబోతాడు. నేను సాగనిచ్చేదాన్ని కాదు. మనిషి మొహం కిటికీలో కనపడందే బిళ్ల తీసేదాన్ని కాదు. నన్ను వెనకాల ఏమని తిట్టుకునేవారో నాకు తెలుసు, అదిక్కడ రాయను.

మనుషులు తమలో తాము పెట్టుకున్న నియమం ఇంకొకటి ఉండేది. అది కంపెనీ పుస్తకాల్లో లేదు. షిఫ్టు అయిపోయాక గోడ మీద ఒక్క బిళ్ల మిగిలినా, ఆ మనిషితో కలిసి దిగినవాళ్లు ఇంటికి పోరు. అక్కడే నేల మీద కూర్చుంటారు. తిండి ఉండదు, స్నానం ఉండదు, మాటా ఉండదు.

ఒక రోజు రెండో షిఫ్టు అయ్యాక మిగిలిన బిళ్ల మా ఆయనది. పైకప్పు కూలి అవతలి పక్క చిక్కుకుపోయాడు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ బిళ్ల ముందే కూర్చున్నాను. కిటికీ బయట ఆయన జతగాళ్లు ముగ్గురు బొగ్గు మసితోనే కూర్చున్నారు. ఒకాయనది చొప్పదండి దగ్గర పల్లె, ఒకాయన ఆసిఫాబాద్ వైపు మనిషి, మరొకాయన తాతల కాలంలో గోరఖ్‌పూర్ నుంచి బొగ్గు పనికి వచ్చిన కుటుంబంవాడు. ముగ్గురూ మూడు భాషల్లో నన్ను వదినా అంటారు. ఒకాయనకు వదినె, ఒకాయనకు వైనీ, ఒకాయనకు భాభీ. ఆ రాత్రి మాత్రం ఏ భాషలోనూ నన్ను పలకరించలేదు. మర్నాడు మా ఆయన విరిగిన కాలుతో బయటికి వచ్చాడు. తడిసిన చొక్కాతో స్ట్రెచర్ మీద ఉండి కూడా కిటికీ వైపు మొహం తిప్పాడు. అప్పుడు బిళ్ల తీశాను.

ఆయన రిటైరైన రోజు ఆ బిళ్ల కంపెనీకి తిరిగి ఇచ్చేయాలి. పోయిందని కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం తీసుకున్నది నేనే. నా మొహం చూడకుండా సంతకం పెట్టాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం మా ఆయన. ఎక్కడో దాచాడని ఆ క్షణమే నాకు తెలిసిపోయింది. బియ్యం డబ్బా నుంచి అటక దాకా వెతికాను, దొరకలేదు. ఎందుకు దాచావని అడిగితే, పోయిన దాన్ని ఎట్లా దాస్తానని నవ్వేవాడు.

ఇక ప్రయాణం సంగతి. కరీంనగర్‌లో ఒక టూర్లవాళ్లు రిటైరైనవాళ్లను సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్ తిప్పి తెస్తారని తెలిసి ఇద్దరికీ పేర్లు ఇచ్చాం. నెల తిరగకముందే మా ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. కరీంనగర్ ఆసుపత్రిలో స్టెంటు వేశారు. కొన్నాళ్లు విమానం వద్దన్నారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, మనిషి పైకి గట్టిగానే ఉన్నాడు గానీ గుండె ఇంకా కుదుటపడలేదని, భయపడే సంగతి ఏదీ ఆయన దాకా రానివ్వొద్దని చెప్పాడు. నేను ప్రయాణం మానేస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"ముప్పై ఏండ్లు మందిని పంపుడే చేసినవ్," అన్నాడు. "ఒక్కసారన్న నువ్వు పోయి రా. పొద్దుగాల ఓసారి, పొద్దుగూకినంక ఓసారి ఫోన్ల మొహం సూపియ్యి. గంతే."

అంత తొందరగా పంపిస్తున్నాడంటే నాకు అనుమానం రాదా? ఆ ముగ్గురు జతగాళ్లు రోజూ సాయంత్రం మా వాకిట్లో చేరతారు. బీడీలు, కల్లు, మాంసం అన్నీ డాక్టరు బంద్ పెట్టించాడు. నేను ఇంట్లో లేకపోతే వాటికి అడ్డేముంది? ఎనిమిది రోజులు నా వాకిట్లో ఏం జరుగుతుందో ఊహించుకుంటేనే నాకు ఒళ్లు మండింది. అయినా పోవాలని ఉంది. దాచుకోవడం ఎందుకు, చాలా ఉంది. ముప్పై ఏళ్లు ఒక కిటికీలోంచే లోకాన్ని చూసినదాన్ని.

ఫోను సంగతి మా అక్క బిడ్డ చూసుకుంది. కరీంనగర్‌లో కాలేజీలో పాఠాలు చెబుతుంది. నా ఫోను తీసుకుని, తన ఫోను మీద ఒక గళ్ల బొమ్మ పెట్టి, దాన్ని నా ఫోనుతో ఫొటో తీసినట్టు చేసి, అయిపోయింది చిన్నమ్మా అంది. సిమ్ము ఏదీ అని అడిగాను. ఇది ఈసిమ్, కనపడదు, ఫోను లోపలే ఉంటుందంది. దాని నెంబరు ఎంత అన్నాను. నెంబరు ఉండదు, ఉత్త నెట్టే వస్తుంది, వాట్సాప్ పాత నెంబరుతోనే నడుస్తుందంది. నెంబరు లేని వస్తువును నేను జన్మలో అంగీకరించలేదు. సరే, ఇది ఏ దేశానిది అన్నాను. మూడు దేశాలకూ ఇదొక్కటేనంది.

అక్కడే నాకు నమ్మకం పోయింది. మా దగ్గర పక్క పక్కనే ఉన్న రెండు బావులకే దీపాల గదులు వేరు. ఈ బాయి దీపం పట్టుకుని ఆ బాయిలోకి పోతే దిగనివ్వరు. అలాంటిది మూడు దేశాలు, మూడు ప్రభుత్వాలు, మూడు భాషలు, దీపం మాత్రం ఒక్కటేనా? పిల్లకు ఎవడో టోపీ పెట్టాడనుకున్నాను. పైగా ఫోనులో ఎక్కడ ఆన్ చేయాలో, ఎక్కడ తీసేయాలో అన్నీ చూపించి, తీసేసేది మాత్రం ముట్టుకోవద్దంది. ముట్టుకోవద్దన్న దాన్ని నేను గుర్తుపెట్టుకున్నాను.

మన దేశం సిమ్మును ఫోనులోంచి పీకి, కాగితంలో చుట్టి, పోపుల డబ్బాలో మెంతుల కింద పెట్టాను. పరాయి దేశంలో సిమ్ము కొట్టేసి బ్యాంకు ఖాతా ఊడ్చేస్తారని వాట్సాప్ గ్రూపులో చదివాను. హోటళ్లలో ఊరికే ఇచ్చే వైఫై ముట్టుకుంటే కూడా అంతేనని చదివాను. అక్క బిడ్డ నెత్తి కొట్టుకుంది. కొట్టుకోనీ.

సింగపూర్‌లో దిగగానే ఫోను మీద సిగ్నలు గీతలు నిండాయి, ఎవరో స్వాగతం అంటూ మెసేజు పంపారు. నేను దిగినట్టు వాళ్లకెవరు చెప్పారు? నాకు ఆ స్వాగతం నచ్చలేదు. అయినా విమానాశ్రయంలోనే నిలబడి వీడియో చేశాను. మా ఆయన మొహం తెర నిండా వచ్చింది. నన్ను చూశాడు, కనపడ్డావు, సరే అన్నాడు, పెట్టేశాడు. అది ఏ ఊరని గానీ, తిన్నావా అని గానీ అడగలేదు.

మూడు రోజులు అలాగే జరిగింది. పొద్దునా, సాయంత్రమూ ఆయన నా మొహం చూడటం, పెట్టేయడం. నేను మాత్రం ఆయన వెనకాల ఏముందో చూసేదాన్ని. ఎప్పుడు చూసినా ఆ ముగ్గురు ఉన్నారు. సాయంత్రం ఉంటే అర్థముంది, పొద్దున్నే నా వాకిట్లో వీళ్లకేం పని? ఫోను అటు తిప్పమనేదాన్ని. మంచం కింద సీసా ఉందా, గోడ మూల బీడీ ముక్కలున్నాయా అని చూసేదాన్ని. గోరఖ్‌పూర్ ఆయన పళ్లన్నీ బయటపెట్టి దండం పెట్టేవాడు. నాలుగో రోజు పొద్దున పొయ్యి మీద పెద్ద గిన్నెలో ఏదో కుతకుతా ఉడుకుతోంది. మాంసమేనని నాకు నిశ్చయమైంది. నోటికి వచ్చినట్టు తిట్టాను. నువ్వు సస్తే నాకేంది అని కూడా అన్నాను. ఆయన ఫోను పెట్టేశాడు.

నా గదిలో నాతోపాటు హుజూరాబాద్ నుంచి వచ్చిన రిటైరైన హెడ్‌మాస్టరమ్మ ఉండేది. ఆఖరి నిమిషంలో మా ఆయన సీటులోకి వచ్చిన మనిషి. ఆమెకు అన్నీ కావాలి. మీ ఆయన పేరేంటి, పిల్లలు ఎందుకు లేరు, ఇల్లు సొంతమేనా. ఇన్ని ప్రశ్నలు అడిగే మనిషిని ఎట్లా నమ్మేది? రోజూ బ్యాగు తల కింద పెట్టుకుని పడుకునేదాన్ని. అది చూసి ఒకసారి, నీ బ్యాగు నేను ఎత్తుకపోనులే అక్కా అని నవ్వింది. ఆ నవ్వును కూడా నేను నమ్మలేదు.

ఆ నాలుగో రోజే సింగపూర్ నుంచి మలేషియాకు బస్సులో పోయాం. సింగపూర్ వైపు గేటు దగ్గర అందరినీ దింపి, వరసలో నిలబెట్టి, పాస్‌పోర్టు చూసి, వేలిముద్ర వేయించుకుని బయటికి వదిలారు. మళ్లీ బస్సు ఎక్కాను. బస్సు సముద్రం మీది వంతెన ఎక్కింది. అందరూ కిటికీల్లోంచి నీళ్లు చూస్తున్నారు. నేను మాత్రం ఒళ్లో ఉన్న ఫోను వైపు చూశాను. నేను గేటు దాటాను, వాళ్ల దీపం ఇంకా నా దగ్గరే ఉంది.

ఇప్పుడు చెప్పుకుంటే నవ్వు వస్తుంది గానీ అప్పుడు నవ్వు రాలేదు. ముప్పై ఏళ్లలో దీపంతో గేటు దాటబోయిన ఎంతమందిని పట్టుకున్నానో నాకే లెక్క లేదు. అలాంటిది నేనే ఆ పని చేశాను. పైగా దీపం అప్పగించకపోతే వాళ్ల లెక్కలో నేను ఇంకా లోపలే ఉన్నట్టు కదా? రేపు ఎవరైనా నా కోసం వెతికితే? అక్క బిడ్డ మూడు దేశాలకూ ఒకటేనంటే అనుండొచ్చు, దానికేం తెలుసు? అవతలి గేటు దగ్గర వాళ్ల దీపం వాళ్లిస్తారు. ఫోను తెరిచి, పిల్ల ముట్టుకోవద్దన్న చోటికి పోయాను. తీసేయాలా అని ఫోను అడిగింది. అవునన్నాను. తీసేస్తే మళ్లీ రాదు, నిజంగానే తీసేయాలా అని రెండోసారి అడిగింది. నా రిజిస్టరులో కూడా ప్రతి లెక్కా రెండుసార్లు రాయాల్సి వచ్చేది, అది మంచి పద్ధతే. అవునన్నాను. ఫోను మీద గీతలు పోయాయి. షిఫ్టు లెక్క తేలినప్పటిలాగే హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

అవతలి గేటు దగ్గర పాస్‌పోర్టు మీద ముద్ర వేశారు, వేలిముద్ర వేయించుకున్నారు. దీపం ఇవ్వలేదు. ఇక్కడి నెట్టు ఎప్పుడిస్తారని టూరు మేనేజరును అడిగితే ఆయన సూట్‌కేసులు లెక్కపెట్టుకుంటూ, నా వైపు చూడకుండానే, అదే ఆటోమేటిగ్గా వస్తుంది మేడం అన్నాడు. నా ఫోనులో సిమ్మే లేదని ఆయనకు తెలియదు, నేను చెప్పలేదు. సరే, వస్తుందనుకున్నాను. దారి పొడుగునా పామాయిల్ తోటలు. నేను తోటలు చూడలేదు, ఫోను నెత్తిన గీతల కోసం చూశాను. సాయంత్రం హోటలుకు చేరాం. గీతలు రాలేదు.

మొహం చూపించే వేళ అయింది. హోటలు కౌంటరు మీద వైఫై కాగితం ఉంది. నేను ముట్టుకోలేదు. హెడ్‌మాస్టరమ్మ నా మొహం చూసి, మీ ఆయనతో నా ఫోన్లో మాట్లాడమంది. ఈమెకు మా ఆయన నెంబరు ఎందుకు? అంత ప్రేమ ఎక్కడి నుంచి పుట్టుకొచ్చింది? ఆయన ఈపాటికి పడుకుని ఉంటాడని అబద్ధం చెప్పాను. అప్పుడు మా ఇంటి దగ్గర పొద్దు కూడా గూకలేదు.

నిజం చెప్పాలంటే, పొద్దున చూసిన గిన్నె నా కళ్ల ముందే ఉడుకుతోంది. నేను లేకపోతే పండగ చేసుకునే మనిషికి నా మొహం ఒక పూట కనపడకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. డాక్టరు చెప్పిన మాట మనసులో ఒక పక్క ఉంది, నా అనుమానం ఒక పక్క ఉంది. ఆ సాయంత్రం అనుమానమే గెలిచింది. దానికి నాకు ఇప్పటికీ సిగ్గే.

మర్నాడు పొద్దున కూడా గీతలు రాలేదు. తొందర తొందరగా టిఫిను తినిపించి, కౌలాలంపూర్ బయట ఒక కొండ గుహలో ఉన్న సుబ్రహ్మణ్యస్వామి గుడికి తీసుకుపోయారు. ఎక్కలేనన్ని మెట్లు. మోకాళ్లు పట్టుకుని ఎక్కాను. పైన గుహలోకి అడుగుపెడితే ఒక్కసారిగా చల్లదనం, మసక వెలుతురు, ఎక్కడో నీళ్లు టపటపా రాలుతున్నాయి. అందరూ దేవుడి వైపు చూశారు. నేను తలెత్తి పైకప్పు చూశాను.

ముప్పై ఏళ్లు బాయి మీద పనిచేశాను గానీ ఒక్కసారి కూడా కిందికి దిగలేదు. అంత రాయి నెత్తి మీద పెట్టుకుని నిలబడటం నాకు అదే మొదటిసారి. ఆయన ఒక రాత్రీ ఒక పూటా ఇలాంటి రాయి కింద ఉన్నాడు. పైన గోడకు ఆయన బిళ్ల వేలాడుతుంటే నేను చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు రాయి కింద ఉన్నది నేను, చూస్తూ కూర్చున్నది ఆయన. నిన్న సాయంత్రం మొహం చూపించలేదు. ఈ పొద్దున చూపించలేదు. ఆఖరుగా అన్న మాట, సస్తే నాకేంది అని. షిఫ్టు దాటి పది నిమిషాలు ఒక బిళ్ల మిగిలితే గంట కొట్టించినదాన్ని, నా సొంత మనిషిని రెండు పూటలు అట్లా వదిలేశాను. దేవుడి మొహం చూడకుండా మెట్లు దిగాను.

మోకాలి నొప్పితో సగం మెట్ల దగ్గరే ఆగిపోయిన హెడ్‌మాస్టరమ్మ అక్కడ కూర్చుని కొబ్బరినీళ్లు తాగుతోంది. ఆమె ముందు కూలబడి, ఫోను కావాలన్నాను. ఏడుస్తున్నట్టు నాకు తెలియదు, ఆమె చెంగు ఇస్తే తెలిసింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, అన్ని ప్రశ్నలు అడిగే మనిషి. తన ఫోనులోని నెట్టును నా ఫోనుకు కలిపింది. వెంటనే నా ఫోను ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. మా ఆయన చేసిన కాల్స్ అన్నీ ఒకదాని కింద ఒకటి వచ్చి పడ్డాయి. పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా గంటకొకటి చొప్పున ఉన్నాయి.

వీడియో చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు గోరఖ్‌పూర్ ఆయన. భాభీ అన్నాడు. ఫోను మా ఆయన వైపు తిప్పాడు. నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. మొహం వడలిపోయింది. చొప్పదండి ఆయన, ఆసిఫాబాద్ ఆయన కింద నేల మీద కూర్చున్నారు, నిన్న పొద్దున నేను చూసిన చొక్కాలే ఒంటి మీద ఉన్నాయి. పక్కన మూత పెట్టిన గిన్నె ఉంది, ఎవరూ తీసినట్టు లేదు. సీసా లేదు. బీడీ ముక్క లేదు. వెతకాలనిపించలేదు గానీ నా కళ్లు వాటంతటవే వెతికాయి.

మా ఆయన నన్ను చాలాసేపు చూశాడు.

"కనవడ్డవ్," అన్నాడు.

వాళ్లు ఇంటికి ఎందుకు పోలేదని అడిగాను.

"ఎట్ల పోతరు? బిళ్ల మేకుకే ఉన్నది గదా."

ఆయన పక్కకు జరిగాడు. వెనకాల తలుపు చట్రానికి, క్యాలెండరు ఉండాల్సిన మేకుకు, ఒక ఇత్తడి బిళ్ల వేలాడుతోంది. నెంబరు చదవాల్సిన అవసరం నాకు లేదు. పోయిందని నాకే కాగితం రాసిచ్చిన బిళ్ల అది. నేను బస్సెక్కిన రోజే తీసి తగిలించాడట. నేను బీడీ ముక్కల కోసం మూలలన్నీ వెతికాను గానీ గడప వైపు చూడనే లేదు.

వంతెన మీద నేను చేసిన పని ఏడుస్తూనే చెప్పాను. తిడతాడనుకున్నాను. ముగ్గురూ వింటున్నారు. ఆసిఫాబాద్ ఆయన నవ్వు దాచుకోవడానికి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"దీపం అప్పజెప్పినవా?" అన్నాడు మా ఆయన, నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు. "ఎవలన్న నడుమల అప్పజెప్తరా? షిఫ్టుల మూడు జాగల పని జేసినా దీపం ఒక్కటే. పైకొచ్చినంకనే ఇచ్చేది. నువ్వింక బాయిలనే ఉన్నవ్."

ముప్పై ఏళ్లు దీపాలిచ్చిన నాకు తెలియనిది, కిందికి దిగిన మనిషికి తెలిసింది. నేను గేటు వరకే చూశాను. కింద ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయేటప్పుడు ఎవరూ దీపం ఆర్పుకోరని నాకు ఎవరు చెప్పాలి?

పాత గళ్ల బొమ్మ ఇక పనిచేయదని అక్క బిడ్డ చెప్పింది. కొత్తది హెడ్‌మాస్టరమ్మ ఫోనుకు పంపింది, అక్కడి నుంచి నా ఫోనులోకి ఎక్కించుకున్నాం. థాయ్‌లాండ్ గేటు దగ్గర నా వేళ్లు జిలపెట్టాయి, ఫోను బ్యాగు అడుగున పడేసి దాటాను. బ్యాంకాక్‌లో దిగగానే గీతలు వాటంతటవే వచ్చాయి. రోజుకు రెండు పూటలా మొహం చూపించాను. హెడ్‌మాస్టరమ్మ కూడా పక్క నుంచి తొంగి చూసి మా ఆయనను పలకరించేది. మా ఇల్లు సొంతమేనని ఆమెకు చెప్పాను.

ఇంటికి వచ్చే ముందే కరీంనగర్‌లో అక్క బిడ్డ ఇంట్లో ఆగాను. అందరూ దాచిన సంగతి ఆ పిల్ల చెప్పింది. నా ఫోను మూగబోయిన ఆ రాత్రి మా ఆయనకు ఛాతీ బరువెక్కిందట. ఆసుపత్రికి పోదామంటే, నా మొహం కనపడేదాకా వాకిలి దాటనన్నాడట. నాలుక కింద పెట్టుకునే గోలీలతోనే తెల్లార్చారట. ఎన్ని గోలీలని అడిగాను. పిల్ల తనకు తెలియదంది. ఇంటికి చేరగానే లెక్కపెట్టాను. నేను పోయినప్పుడు ఉన్నవాటికి రెండు తక్కువ. ఆ రెండూ నా అనుమానం తిన్న గోలీలు. గిన్నెలో ఆ రోజు ఉడికింది డాక్టరు చెప్పిన జొన్న సంకటేనట, మా వైపు గటక అంటాం. ముగ్గురూ ప్రమాణం చేసి చెప్పారు. అది మాత్రం నేను ఇంకా పూర్తిగా నమ్మలేదు.

కానీ గోలీలు లెక్కపెట్టడానికి ముందు ఇంకొకటి జరిగింది. ఆటో దిగి వాకిట్లోకి వచ్చేసరికి ముగ్గురూ నేల మీదే ఉన్నారు. నేను మలేషియా నుంచి మాట్లాడిన తర్వాత వంతుల ప్రకారం ఇంటికి పోయి స్నానాలు చేసి వచ్చారట గానీ, పడక మాత్రం మా వాకిట్లోనేనట. నేను బ్యాగు కింద పెట్టాను. మా ఆయన గడప దగ్గర నిలబడి చెయ్యి చాచాడు. నాకు అర్థమైంది. ఫోను ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, దీపం సరిగ్గానే ఉందన్నట్టు తలూపి, జేబులో వేసుకున్నాడు. మేకు మీది బిళ్ల తీశాడు. వెంటనే ఇవ్వలేదు. మొహం చూడందే ఇవ్వకూడదని నేను పెట్టిన నియమమే కదా. నా మొహం తీరిగ్గా, నొసటి నుంచి గడ్డం దాకా చూశాడు. అప్పుడు బిళ్ల నా అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. ఇత్తడి వెచ్చగా ఉంది. నేను దాన్ని రొమ్ముకు అదుముకుని, ముప్పై ఏళ్లలో ఏ మనిషి ముందూ ఏడవనంతగా ఏడ్చాను.

ఆయన జతగాళ్ల వైపు తిరిగాడు.

"వచ్చింది," అన్నాడు. "ఇగ మీరు ఇండ్లకు పోండ్రి."

ముగ్గురూ లేచి, బట్టలకంటిన దుమ్ము దులుపుకుని, ఇళ్లకు పోయారు.